పేరయ్య ప్రభలో నల్లమచ్చ

ఆ దీపాన్ని ఎవరూ వెలిగించలేదని ఫణీంద్ర నాతో నాలుగుసార్లు చెప్పాడు. నాలుగోసారి పిల్లల మీద ఒట్టు వేయబోతే నేనే ఆపాను.

"వెలిగించకపోతే ఫోటోలో గోస్టు ఎక్కణ్ణుంచి వచ్చింది ఫణి గారూ?"

"అదే కదా ఈశ్వరీ నేను నిన్నడిగేది!"

హైదరాబాదులో మా ప్రయోగశాల పని ఫోన్ కెమెరాల కటకాలకి పూతలు కనిపెట్టడం. రాత్రిపూట ఏ పెళ్లి పందిరి లైట్లనో ఫోన్‌తో ఫోటో తీసి చూడండి. దీపం పైన కుడివైపు ఉంటే, కింద ఎడమవైపు ఓ పచ్చటి మసక బొమ్మ తలకిందులుగా తేలుతూ ఉంటుంది. లోపలికెళ్లిన వెలుగులో కొంత, బుద్ధిగా తిన్నగా పోకుండా, గాజుకీ గాజుకీ మధ్య అటూ ఇటూ తిరిగి తిరిగి చేరుతుంది. ఆ తిరుగుబోతు వెలుగు గీసే బొమ్మనే మేం గోస్టు అంటాం. మా అమ్మ నాగరత్తమ్మకి అర్థం కావాలని దెయ్యం అని చెప్పాను. మా అమ్మాయి దెయ్యాల్ని వదిలించే ఉద్యోగం చేస్తోందని ఆవిడ బజారంతా చెప్పుకుని వచ్చింది.

నాతో పనిచేసే ఫణీంద్ర ఒకరోజు పూత పూసిన గాజుని పొయ్యిలో పెట్టి, భోజనానికి వెళ్లి, కబుర్లలో పడి మర్చిపోయాడు. మాడిపోయిన గాజుని పారెయ్యకుండా కెమెరాకి బిగించాం. సాయంత్రం చీకటి గదిలో కళ్లు చెదిరే దీపం ఒక్క క్షణం వెలిగించి, ఫోటో తీసి, ఆర్పేశాం. ఫోటోలో దీపం ఉంది, గోస్టు లేదు. మచ్చుకి కూడా లేదు. ఫణీంద్ర నన్ను పట్టుకుని గిరగిరా తిప్పినంత పని చేశాడు. డైరెక్టరు గారు మిఠాయి తెప్పించారు. ఆ మిఠాయి తింటూనే మధ్యాహ్నం తీసిన ఖాళీ ఫోటో చూశాం. కెమెరాలో మచ్చలేవైనా ఉంటే తెలియడానికి, దీపం ఆర్పి ఉన్నప్పుడు అలాంటిదొకటి తీసి పెట్టుకుంటాం. అందులో ఉంది గోస్టు. సాయంత్రం వెలిగించబోయే దీపం తాలూకు గోస్టు మధ్యాహ్నమే వచ్చి కూర్చుంది.

ఆ పూత తిరుగుబోతు వెలుగుని చంపలేదు. ముందే పంపించేసింది. ఎంత ముందంటే, ఒక సినిమా చూసి ఇంటికి వచ్చేంత సేపు. కెమెరాని కదపకుండా ఒకేచోట ఉంచితే, దాని ఎదుట కాసేపటికి వెలగబోయే వెలుగు ఇప్పుడే మసగ్గా, తలకిందులుగా కనిపిస్తుంది. డైరెక్టరు గారు బోర్డు నిండా రాసిన లెక్క నాకు సగమే అర్థమైంది. ఆయనకి కూడా సగమేనని నా అనుమానం.

దాన్ని మోసం చెయ్యాలని చూశాం. ఒకరోజు గోస్టు కనిపించగానే డైరెక్టరు గారు పంతం పట్టి, ఇవాళ దీపమే వెలిగించం అని గదికి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నారు. సాయంత్రం ఎవరైనా దొంగచాటుగా వెలిగించారేమోనని అనుమానం వచ్చి, ఆయనే తాళం తీసుకుని లోపలికి వెళ్లి, చీకట్లో తడుముతూ గది లైటు అనుకుని ఆ దీపం స్విచ్చే నొక్కారు. ఆ తర్వాత మేమెవరం పందేలు కాయలేదు. గోస్టు కనిపించిందంటే అది జరిగి తీరుతుంది.

ఫణీంద్ర ఓ గాజుముక్కని ఇంటికి తీసుకెళ్లి ఓ ఫోన్‌కి అంటించి హాల్లో బల్బుకి ఎదురుగా పెట్టాడు. వాళ్ల పేటలో కరెంటు పోతూ ఉంటుంది. ఎప్పుడొస్తుందో ముందే తెలిస్తే పిల్లలు చదువుకోవచ్చని ఆయన ఉద్దేశం. వారం తిరక్కుండా మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"కరెంటు రాగానే పిల్లలు అరుస్తారు కదా ఈశ్వరీ, హే అని..."

"అరుస్తారు. మేమూ అరిచేవాళ్లం."

"మావాళ్లు మానేశారు. నిన్న చీకట్లో కూర్చుని ఉంటే లైటు వచ్చింది. పాప తల కూడా ఎత్తలేదు. ఏంటమ్మా అంటే, 'వస్తుందని చెప్పావు కదా నాన్నా' అంది."

నాకు అదేమంత పెద్ద కష్టంగా అనిపించలేదు. పైగా నవ్వాను కూడా. శివరాత్రి దాకా ఆగితే ఆ నవ్వు నా మీదికే వస్తుందని చూపించే గాజు మా దగ్గర లేదు మరి.

శివరాత్రికి మా వైపు కోటప్పకొండ కింద తిరనాళ్ల. నా పూర్తి పేరు కోటేశ్వరి, ఆ కొండ మీది శివుడు కోటయ్య పేరే. ఊరూరి నుంచీ ప్రభలు కట్టుకుని వస్తారు. వెదురు, సరుగుడు బాదులతో తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత ఎత్తు చట్రం, ముందు వైపంతా బల్బులు, కింద చక్రాలు, పక్కకి ఒరగకుండా నాలుగు వైపులా మోకులు పట్టుకున్న జనం. మా పెదగోగుపాలెం ప్రభకి బల్బులు కట్టేది మా నాన్న పేరయ్య. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయనే.

మా నాన్నకి ఒక నియమం ఉంది. దేవుడికి పెట్టకముందే ప్రసాదం రుచి చూస్తే ఎంగిలి అంటారు కదా. కొండ కింద కోటయ్యకి చూపించకముందే ప్రభ మొత్తం వెలిగిస్తే అదీ ఎంగిలేనంటాడు. ఊళ్లో ఉన్నప్పుడు ఒక్కో వైరునీ విడివిడిగా పరీక్ష చేసుకుంటాడు తప్ప అంతా కలిపి వెలిగించడు. ఏం బొమ్మ కట్టాడో మా అమ్మకి కూడా చెప్పడు. పొద్దు గూకాక కొండ కింద స్విచ్ వేసినప్పుడే ఊరికీ, దేవుడికీ ఒకేసారి తెలియాలి.

నిరుడు ఆ నియమమే ఆయన కొంప ముంచింది. స్విచ్ వేస్తే పై భాగం వెలగలేదు. పక్కనే మద్దిగుంట ఊరి వాళ్ల ప్రభ ధగధగా మెరిసిపోతుంటే, మా ప్రభ తల లేని మొండెంలా నిలబడింది. మద్దిగుంట వాళ్లు చావు పలకరింపుకి వచ్చినట్టు వచ్చి, మా నాన్న భుజం తట్టి వెళ్లారు. ఆ తట్టిన భుజాన్ని ఆయన ఏడాదంతా తడుముకుంటూనే ఉన్నాడు.

కమిటీ పెద్ద చలమయ్య మావయ్య మొహమాటపడుతూనే తేల్చేశాడు. "ఈసారి కూడా నల్లబడిందంటే వచ్చే ఏడు టౌను వాళ్లకి ఇచ్చేద్దాం బావా. ఏమనుకోమాక. నీ మోకాళ్లు కూడా అరిగిపోయినయ్యంటగా."

నాన్న ఏమీ అనుకోలేదు. తిండి మాత్రం సగానికి తగ్గించాడు.

నేను ఊరికి బయలుదేరేటప్పుడు డైరెక్టరు గారు గాజుముక్క ఒకటి నా ఫోన్‌కి అంటించి ఇచ్చారు, ఒక్క దీపం కాదు, వేల దీపాలైతే ఎలా ఉంటుందో చూసి రమ్మని. నాన్నకి చెప్పలేదు. చెబితే ఏమంటాడో నాకు తెలుసు.

మధ్యాహ్నం ఎండలో ప్రభలన్నీ కొండ కింద వరసగా నిలబడ్డాయి. వెలగని ప్రభని పగలు చూస్తే బొత్తిగా దిగులు పుడుతుంది, అన్నీ తీగలూ కర్రలే. నాన్న ట్రాక్టరు నీడలో తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. నేను ఎదురుగా ఉన్న చెరుకురసం బండి గుంజకి ఫోన్‌ని గట్టిగా కట్టి, బండివాడికి దాన్ని ముట్టుకోవద్దని చెప్పి, ఫోటో తీశాను.

వచ్చింది. పగటి ప్రభ పక్కనే, తలకిందులుగా, రాత్రి ప్రభ.

నాన్న ఈసారి మిరప మొక్క కట్టాడు. అడుగు నుంచి పాకుతూ పోయే పచ్చటి ఆకులు, ఆకుల సందుల్లో ఎర్రెర్రగా వేలాడే కాయలు, చిట్టచివర తెల్లటి పూల పూత. మా ఊరు బతికేదే మిరప మీద. ఏ దేవుడి బొమ్మో, ఏ నెమలో కాకుండా మా చేలో మొక్కని తీసుకెళ్లి కొండంత చేశాడు. నాకు కళ్లనీళ్లు వచ్చేశాయి. తుడుచుకుని మళ్లీ చూశాను.

తెల్లటి పూతలో నల్లమచ్చ ఉంది.

బొమ్మ తలకిందులుగా ఉంది కాబట్టి మచ్చ కింద కనిపిస్తోంది. అంటే ప్రభలో పైన, నిరుడు ఎక్కడ పోయిందో సరిగ్గా అక్కడే. ఆ మచ్చలో ఒక్క బల్బు వెలుగు కూడా లేదు.

ఫణీంద్రకి ఫోన్ చేయాలంటే నా ఫోన్ గుంజకి కట్టి ఉంది. అమ్మ ఫోన్ లాక్కుని చేశాను. "మచ్చా? గాజు మీది పూత గీసుకుపోయి ఉంటుంది, మెత్తటి గుడ్డతో తుడువు" అన్నాడు. చీర చెంగుతో తుడిచి ఇంకో ఫోటో తీశాను. మచ్చ పోలేదు సరికదా, ఇంకాస్త వెడల్పయింది. తుడిచి చెడగొట్టానేమో అని కాసేపు ఆశపడ్డాను. ఎంత ఆశపడినా నేను బల్బులు కట్టేవాడి కూతుర్ని. ప్రభలో నల్లగా ఉందంటే అక్కడ బల్బులు పోయినట్టే, ఇంకో అర్థం మా ఇంట్లో లేదు.

మార్చలేనిదాన్ని చెప్పడమెందుకు? నోరు మూసుకుని చెరుకురసం తాగితే పోయేది. తాగాను కూడా. గ్లాసు సగంలో పెట్టేశాను. వెళ్లి నాన్నని లేపాను.

నేను చెప్పింది విని ఆయన గబుక్కున రెండు చేతులతో కళ్లు మూసుకున్నాడు. "చూపించమాక! నాకు చూపించమాక!"

"చూపించను. ఊరికే చెబుతున్నా."

"కోటయ్యకంటే ముందే చూశావటే? ఎంగిలి చేశావు గదే అమ్మాయ్!"

ఆ మాటకి నాకు ప్రాణం చివుక్కుమంది. తిట్టినా బాగుండేది. తిట్లు నాకు అలవాటే.

కాసేపటికి చేతులు తీశాడు. "మచ్చ యాడుంది?"

"పైన. పూత దగ్గర."

"చూసింది జరగక మానదంటన్నావుగా. మరి నాకెందుకు చెప్పినట్టు?"

"ఒక్కదాన్నే మొయ్యలేక నాన్నా."

ఆయన నా మొహం వంక చూశాడు. లేచి, తువ్వాలు తలకి చుట్టి, పంచె ఎగ్గట్టాడు. నాకు అర్థమయ్యేలోపే చట్రం వెనక బాదుల మీద కాలు పెట్టాడు.

"యాడికయ్యా? మోకాళ్లు!" అమ్మ కేక పెట్టింది. "మెట్లెక్కొద్దన్నాడు డాక్టరు!"

"ఇయ్యి మెట్లు కాదుగా" అన్నాడు నాన్న పైనుంచి.

కుర్రాళ్లని ఎక్కిస్తానన్నా ఒప్పుకోలేదు. ఆయన కట్టిన ముడి ఆయనే చూడాలి. ఒక్కో కొక్కెం, ఒక్కో అతుకు వేళ్లతో నొక్కి చూసుకుంటూ, మధ్యమధ్య ఆగి మోకాలు రుద్దుకుంటూ, పైపైకి పోయాడు. కింద అమ్మ కోటయ్యకి మొక్కుతూ, మధ్యలో నన్ను తిడుతూ, రెండు పనులూ శ్రద్ధగా చేసింది. తప్పు నాదే కాబట్టి పడ్డాను. ఏ వైరు ఊడినా ఊడకపోయినా ఆయన జారితే ఏం చెయ్యాలో నాకు తోచలేదు. గాజుముక్కని కనిపెట్టినవాణ్ణీ, మాడ్చినవాణ్ణీ మనసులో నానా మాటలూ అన్నాను.

పొద్దు గూకింది. ఒక్కో ఊరి ప్రభా వెలుగుతోంది. మద్దిగుంట వాళ్ల ప్రభ వెలిగి, వాళ్ల డప్పులు మోగాయి. నాన్న అప్పటికి పైన పూత దాకా చేరి చట్రం వెనక నుంచి ముందు వైపుకి వచ్చాడు.

"బావా, ఏవన్నా దొరికిందా?" చలమయ్య మావయ్య చేతులు నోటికి అడ్డం పెట్టి అరిచాడు.

"ఏం లేదు! అన్నీ బిగుతుగానే ఉన్నయ్!"

"అయితే దిగు! జనం అడుగుతున్నారు!"

"దిగేసరికి తెల్లారిద్ది, మోకాలు మొరాయించింది! స్విచ్ వెయ్యండి!"

అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆ స్విచ్ నాన్న తప్ప ఇంకొకరు వేసి ఎరగరు. ప్రభ వెనకాల జనరేటరు పక్కన నిలబడి ఆయనే వెయ్యాలి.

"అమ్మాయ్, నువ్వెయ్యి!" అని పైనుంచి వినిపించింది.

"షాక్ కొడితే?"

"పన్నెండు ఓల్టుల బల్బులే పిచ్చిదానా, చక్కిలిగిలి కూడా పెట్టవు! వెయ్యి!"

జనరేటరు దగ్గరికి వెళ్లాను. నాకు తెలుసు, మచ్చ ఉంటుంది. నా చేత్తోనే మా నాన్న ప్రభని నల్లబరచబోతున్నాను. వచ్చే ఏడు ఈ చోట టౌను వాళ్లుంటారు. కళ్లు మూసుకుని, కోటయ్యా ఎంగిలి చేసింది నేను, ఆయన కాదు అని చెప్పుకుని, స్విచ్ వేశాను.

ముందు ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత కొండ కింద ఉన్న జనమంతా ఒక్కసారి అరిచారు.

అలాంటి అరుపు నేను ఇంతకుముందు వినలేదు. వెనక నుంచి చూస్తే కర్రల సందుల్లో వెలుగు తప్ప ఏమీ తెలియదు. ముందుకి పరిగెత్తాను. అడుగు నుంచి ఆకులు వెలిగాయి, కాయలు వెలిగాయి, పైన పూత తెల్లగా విచ్చుకుంది. ఆ పూత నడిమధ్యన నల్లమచ్చ. ఉంది.

అప్పుడు మచ్చ రెండు చేతులూ పైకెత్తింది.

"పేరయ్యో! పేరయ్యా!" అని మా ఊరంతా గంతులేస్తోంది. తెల్లటి పూల మధ్య నల్లగా, చేతులు చాచి, తలపాగాతో మా నాన్న. బల్బులు పోలేదు. ఒక్కటి కూడా పోలేదు. ఆయన వాటికి అడ్డంగా నిలబడ్డాడు, అంతే. "చేదుకో కోటయ్యా!" అని, తనని పైకి లాక్కోమని కొండ దేవుణ్ణి వేడే కేక ఆయన వేస్తుంటే, కింద వేలమంది అందుకున్నారు. మద్దిగుంట వాళ్లు కూడా.

చెరుకురసం బండి దగ్గరికి వెళ్లి ఫోన్ విప్పి, మధ్యాహ్నపు ఫోటోల్ని తలకిందులు చేసి చూశాను. మొదటిదాంట్లో మచ్చ సన్నగా ఉంది. రెండోదాంట్లో వెడల్పయింది, అటు ఒక చెయ్యి, ఇటు ఒక చెయ్యి. మచ్చ అనగానే ఫణీంద్ర గాజు పూత పోయిందన్నాడు, నేను బల్బు పోయిందన్నాను. మనిషేమో అని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. నేను చెప్పబట్టే ఆయన ఎక్కాడు. ఎక్కబట్టే మచ్చ వచ్చింది. నవ్వు ఆపుకోలేక బండి మీద వాలిపోయాను. బండివాడు నాకు ఎండ దెబ్బ తగిలిందనుకుని రసం ఊరికే ఇచ్చాడు.

కుర్రాళ్లు మోకు కట్టి నాన్నని కిందికి దించారు. అమ్మ ఆయన వీపు మీద ఒకటి వేసి, అదే చేత్తో ఒళ్లంతా తడిమి చూసుకుంది. ఆయన ఆ ధ్యాసలోనే లేడు.

"ఇన్నేళ్లూ జనరేటరు కాడే గదే నేను" అన్నాడు నాతో. "ఎలిగినాక ముందుకొచ్చి చూస్తే అప్పటికే జనం చూసేసుండేవోళ్లు. ఎలిగే నిమిషంలో వాళ్ల మొహాలెట్టుంటయ్యో నేనెప్పుడూ చూళ్లా. ఇయ్యాల చూశానే. అందరూ నోళ్లు తెరుచుకుని, పిలకాయల మాదిరి... ఎర్రగా, పచ్చగా..."

"ఎంగిలి చేశానుగా నాన్నా."

"చేశావులే. అయినా ఏం చూశావే నువ్వు? బల్బుల్నే చూశావు. నన్ను ఆనవాలు పట్టావా? పట్టలా. అది కోటయ్యే ముందు చూశాడు."

చలమయ్య మావయ్య వచ్చి ఆయన్ని వాటేసుకున్నాడు. "వచ్చే ఏడు కూడా పైన మనిషుండాల్సిందే బావా, జనం అదే అడుగుతున్నారు!"

"నీ మోకాళ్లు బాగానే ఉన్నయ్యిగా, నువ్వెక్కు" అన్నాడు నాన్న.

ఇంతలో అమ్మ ఫోన్ మోగింది. ఫణీంద్ర. "ఈశ్వరీ, ఆ మచ్చ ఏమైంది?"

"దిగొచ్చి టీ తాగుతోంది" అన్నాను.

ఆయనకి అంతా చెప్పేసరికి నా గొంతు బొంగురుపోయింది. "ఇక్కడ కరెంటు పోయింది" అన్నాడు చివరికి. "గాజుముక్క మొన్ననే తీసి డబ్బాలో పెట్టేశాను. ఎప్పుడొస్తుందో నాకూ తెలీదు. చీకట్లో కూర్చుని..."

ఆయన మాట పూర్తి కాలేదు. ఫోన్‌లోంచి పిల్లల కేక నా చెవి చిల్లులు పడేలా వినిపించింది. "హే! వచ్చేసింది!" ఫణీంద్ర కూడా అరిచాడు. నేనెందుకు అరిచానో నాకు తెలీదు.

"అమ్మాయ్, నాకో ఫోటో తియ్యి" అన్నాడు నాన్న తలపాగా సరిచేసుకుంటూ. "ఎలిగిన ప్రభ ముందర."

ఫోన్ మీది గాజుముక్కని గోటితో ఊడబీకి చెంగు కొసన ముడేసుకున్నాను. మామూలు ఫోన్‌తో మామూలు ఫోటో తీశాను. నాన్న, అమ్మ, వెనకాల కొండంత మిరప మొక్క. కింద మూలన, మామూలుగానే, తలకిందులుగా పచ్చటి మసక బొమ్మ.

నాన్న ఫోన్ కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు. "ఇదేందే, కింద పచ్చగా?"

"అదే నాన్నా, దెయ్యం. ఇలాంటివి తీసెయ్యడానికే నాకు జీతమిచ్చేది. ఇంటికెళ్లాక దీన్నీ చెరిపేస్తాలే."

"చెరపమాక!" ఆయన ఫోన్‌ని గుండెకి హత్తుకున్నాడు. "అయ్యి కూడా నా బల్బులేగా."

ఆ ఫోటో ఇప్పుడు మా ప్రయోగశాలలో నా బల్ల మీద ఉంది. డైరెక్టరు గారు అటుగా వెళ్లినప్పుడల్లా ఆ పచ్చ మసకని చూసి మొహం చిట్లిస్తారు, ఈ కాలంలో ఇంత పాడు ఫోటో ఎవరైనా పెట్టుకుంటారా అని. మా నాన్న తీసెయ్యొద్దన్నాడని చెబుతాను.